షేక్షావలి మార్చిన నీళ్ళు

తకియాకి కొత్తగా వచ్చినవాళ్ళు ఒక్కరూ నిలవడం లేదు. నెల రోజులుగా షేక్షావలిని తొలిచేస్తున్న సంగతి అది.

గుంతకల్లు ఊరి చివర, రైలు పట్టాలు దాటాక, మౌలాలి తాత తకియా ఉంది, ఫకీర్ల మఠం లాంటిది. పెద్ద కట్టడమేమీ కాదు. రేకులు కప్పిన వసారా, వెనక ఒక గది, ముందు కొంచెం వాకిలి. తాత పగలంతా ఆ వసారాలోనే పరుపులు కుడతాడు. గురువారం సాయంత్రం పరుపులు గోడవారకి జరిపి చాపలు పరుస్తారు. మనసు బాగాలేనివాళ్ళు, దారి తోచనివాళ్ళు వచ్చి కూర్చుంటారు. కులమేదో మతమేదో ఎవరూ అడగరు. తాత బోధలు చెయ్యడు. అందరూ కాసేపు కళ్ళు మూసుకుని, లోలోపల లెక్కపెట్టుకుంటూ దేవుడి పేరు తలుచుకుంటారు, తర్వాత టీ తాగి ఎవరిదారిన వాళ్ళు పోతారు.

షేక్షావలి తాతకి పెద్ద శిష్యుడు. పన్నెండేళ్ళుగా వస్తున్నాడు. ఊళ్ళో మినరల్ వాటర్ ప్లాంటులో నీళ్ళు పరీక్ష చేసే పని అతనిది. చొక్కా జేబులో పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నీళ్ళల్లో ముంచితే ఉప్పులూ అవీ ఎంత కలిసి ఉన్నాయో అంకె చూపిస్తుంది. చుట్టాలింటికి పోయినా ఇచ్చిన గ్లాసులో దాన్ని ముంచి చూసి, "ఇవేనా మీరు తాగేది?" అని అడిగి ఇంటివాళ్ళని కంగారు పెట్టేస్తాడు. చెడ్డవాడు కాదు. మురికి కనబడితే ఊరుకోలేడు.

ఎండాకాలంలో తాత కంటి ఆపరేషన్‌కని కర్నూలు వెళ్ళి, అక్కడే చెల్లెలింట్లో రెండు నెలలు ఉండిపోవలసి వచ్చింది. పోతూ పోతూ తకియాని షేక్షావలికి అప్పజెప్పాడు. అప్పటికి కొత్తగా వస్తున్నవాళ్ళు తొమ్మిదిమంది. "కొత్తవాళ్ళు. చూసుకో," అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

షేక్షావలి ఆ మాటని నెత్తిన పెట్టుకున్నాడు. వసారాకి సున్నం కొట్టించాడు. చాపలు కడిగించాడు. స్నానం చేసి రావాలన్నాడు, వరసగా కూర్చోవాలన్నాడు, వాకిట్లో బీడీలు వద్దన్నాడు. ఆ తర్వాత ఉసేనప్ప దగ్గరికి వెళ్ళాడు.

ఉసేనప్పకి డెబ్బై దాటాయి. రైల్వేలో పట్టాలు చూసే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇరవై ఏళ్ళుగా ప్రతి గురువారమూ, మిగతా రోజుల్లో సగమూ, వాకిట్లో సిమెంటు తొట్టి పక్కన గోడకి ఆనుకుని కూర్చునేవాడు. బీడీ ఆరదు, దగ్గు ఆగదు. అందరూ మౌనంగా ఉన్నప్పుడు మధ్యలో లెక్క తప్పి, "యాడిదాకా వచ్చినాం?" అని పైకే అడిగేవాడు. తాతతోనే వాదం పెట్టుకునేవాడు. మోటు మాటలు ఆడేవాడు.

"పెద్దాయనా, కొత్తవాళ్ళు చూస్తున్నారు," అన్నాడు షేక్షావలి, వీలైనంత మెత్తగా. "కొన్నాళ్ళు రావద్దు."

ఉసేనప్ప అతని మొహంలోకి చూశాడు. బీడీని నేలకి రుద్ది ఆర్పి, ఆ ముక్కని చెవి మీద పెట్టుకుని లేచాడు. "సరే నాయనా," అన్నాడు.

మరుసటి గురువారం ఓబులేసు వంతు వచ్చింది. ఓబులేసు లారీ డ్రైవరు, కొత్తవాళ్ళలో ఒకడు. డోన్ దాటాక రోడ్డు మీద ఒకామె అతని చక్రాల కిందికి వచ్చేసింది. తప్పు అతనిది కాదని అందరూ అన్నారు, పోలీసులు కూడా అన్నారు. ఆ రోజు నుంచి స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. తకియాలో ఉసేనప్ప పక్కనే కూర్చునేవాడు. ఆ గురువారం నోట్లోంచి సారా వాసన, చొక్కా నిండా బీడీ వాసన. షేక్షావలి గుమ్మం దగ్గరే ఆపేశాడు.

"నలభై రోజులు ఇవన్నీ మానుకుని శుభ్రంగా ఉండి, అప్పుడు రా."

ఓబులేసు వెనక్కి తిరిగాడు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. అతని వెనకే ఒక్కొక్కరుగా మిగిలిన కొత్తవాళ్ళూ రావడం మానేశారు.

తాత తిరిగొచ్చిన గురువారం, తెల్లగా మెరుస్తున్న వసారాలో, కడిగిన చాపల మీద ముగ్గురు పాతవాళ్ళు కూర్చుని ఉన్నారు. కొత్తవాళ్ళు ఒక్కరూ లేరు.

వాళ్ళు పోయాక షేక్షావలి తాత ముందు కూర్చున్నాడు.

"తాతా, నాకు తెలియక అడుగుతున్నాను. ఎక్కడా లోటు చెయ్యలేదు. చోటు ఎంత శుభ్రంగా ఉందో మీరే చూస్తున్నారు కదా. ఎందుకు నిలవడం లేదు వీళ్ళు?"

తాత వాకిట్లోకి చూశాడు. "ఉసేనప్ప కనపడలేదే."

"నేనే వద్దన్నాను. కొత్తవాళ్ళ ముందర ఆ బీడీలు, ఆ మాటలు... బాగుండదని."

తాత "ఊఁ" అన్నాడు. సూది, దారం డబ్బాలో పెట్టేసి పడుకోవడానికి లేచాడు.

మరునాడు శుక్రవారం, పనికి పోతూ షేక్షావలి తకియా దగ్గర ఆగాడు. తాత వాకిట్లో సిమెంటు తొట్టి మీదికి వంగి ఉన్నాడు. ఆ తొట్లో గప్పీ చేపలు ఉంటాయి. దోమలు పెరగకుండా మలేరియావాళ్ళు ఎప్పుడో వేసిపోయినవి. షేక్షావలి వాటిని ఏనాడూ సరిగా చూసింది లేదు.

"ఇటు రా. పిల్లలు పెడుతోంది," అన్నాడు తాత.

కడుపు ఉబ్బిన ఒక చేప నీటి అడుగున కదలకుండా ఉంది. దాని కింది నుంచి కనురెప్ప వెంట్రుకంత పిల్ల ఒకటి జారి, వెంటనే ఈదడం మొదలుపెట్టింది. షేక్షావలి మొహం విప్పారింది. అంతలో ఆ తల్లే వెనక్కి తిరిగి, ఆ పిల్లని నోట్లో వేసుకుంది.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "అది తల్లి కదా తాతా."

"తల్లే," అన్నాడు తాత. టీ వడపోసే జల్లెడతో మిగిలిన పిల్లల్ని ఒక్కొక్కటే పట్టి చెంబులోకి తీశాడు. ముప్పై ఎనిమిది లెక్క తేలాయి.

వసారా కిటికీ దగ్గర చిన్న గాజు తొట్టి ఉంది. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక రైల్వే గార్డు ఇచ్చిపోయింది. అందులో నత్తలు నాలుగు, అడుగున గులకరాళ్ళు, మూలగా చిన్న గాలి మోటారు గొట్టానికి తగిలించిన నల్లటి స్పాంజి. గాలి ఆ స్పాంజిలోంచి బుడగలు బుడగలుగా పైకొస్తూ ఉంటుంది. తాత పిల్లల్ని అందులో వదిలాడు.

"కొంచెం పెద్దవయ్యేదాకా వీటిని నువ్వు చూసుకో. ఉడికించిన గుడ్డు పచ్చసొన, చిటికెలో సగం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి."

"ఇంకేం చెయ్యాలి?"

"చూసుకో," అన్నాడు తాత మళ్ళీ.

నాలుగు రోజులు అలాగే చూసుకున్నాడు. చూసేకొద్దీ ప్రాణం ఉసూరుమంది. నీళ్ళు పలచటి టీ రంగులో ఉన్నాయి. గాజుకి లోపలవైపు పచ్చటి పాచి. రాళ్ళ మధ్య మడ్డి. స్పాంజి సంగతి చెప్పనే అక్కర్లేదు, తారు ముద్దలా ఉంది. మీటరు ముంచితే ఆరువందల నలభై చూపించింది. పసికూనల్ని ఇందులోనా పెంచేది అనుకున్నాడు.

మంగళవారం తాత కన్ను చూపించుకోవడానికి కర్నూలు వెళ్ళాడు. బుధవారం పొద్దున షేక్షావలి ప్లాంటు నుంచి రెండు క్యాన్ల నీళ్ళు తెచ్చుకున్నాడు.

పిల్లల్ని జాగ్రత్తగా చెంబులోకి తీశాడు. గాజుని సబ్బు లేకుండా, కొత్త పీచుతో తళతళలాడేట్టు తోమాడు. రాళ్ళు బ్లీచింగ్ నీళ్ళల్లో నానబెట్టి ఏడుసార్లు కడిగాడు. నత్తల్ని తీసి వాకిట్లో తొట్లో పడేశాడు. స్పాంజిని మాత్రం మరిగే నీళ్ళల్లో వేసి పిండాడు, మళ్ళీ వేసి పిండాడు. అరగంటకి దాని అసలు రంగు బయటపడింది. నీలం. అది నీలం స్పాంజి అని ఇన్నేళ్ళుగా ఎవరికీ తెలిసి ఉండదు అనుకుంటే అతనికి నవ్వొచ్చింది.

కొత్త నీళ్ళు పోసి మీటరు ముంచాడు. పద్దెనిమిది.

పిల్లల్ని వదిలాడు. నీళ్ళు ఉన్నాయో లేవో తెలియనంత తేటగా ఉన్నాయి. ముప్పై ఎనిమిది పిల్లలూ గాలిలో వేలాడుతున్నట్టు కనిపించాయి. కొత్త నీళ్ళు కదా అని ఆ పూట పచ్చసొన కాస్త ఎక్కువే వేశాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా పోయి, వెనక్కి వచ్చి ఇంకోసారి చూసుకున్నాడు.

గురువారం పొద్దున తలుపు తియ్యగానే కిటికీలోంచి ఎండ సూటిగా గాజు తొట్టి మీద పడుతోంది. నీళ్ళు నిన్నటిలాగే మెరుస్తున్నాయి. తెల్లటి రాళ్ళ మీద ఏదో పొట్టులాంటిది పరుచుకుని ఉంది. మిగిలిపోయిన పచ్చసొన అనుకుని దగ్గరికి వంగాడు.

అవి పిల్లలు.

షేక్షావలి అలాగే వంగి ఉండిపోయాడు. చెయ్యి తనంతట తానే జేబులోకి పోయి మీటరు తీసింది. ముంచాడు. ఇరవై రెండు. మీటరు పాడయిందేమోనని గ్లాసులో నీళ్ళు పోసి చూశాడు. పాడవలేదు. లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు పోయాయి. పద్నాలుగు మిగిలాయి. అవీ ఈదడం లేదు. నీటి పైకి చేరి, నోళ్ళు తెరుచుకుని మూసుకుని, తెరుచుకుని మూసుకుని, గాలి కోసం కొట్టుకుంటున్నాయి.

నీళ్ళల్లో ఏదో తేడా వచ్చిందనుకున్నాడు. అతనికి తెలిసిన మందు ఒక్కటే. రెండో క్యాను మూత తీసి, ఉన్న నీళ్ళు సగం తోడేసి, కొత్త నీళ్ళు పోశాడు. పోసి చూస్తూ నిలబడ్డాడు. చూస్తుండగానే ఒకటి పక్కకి ఒరిగి, తిరుగుతూ తిరుగుతూ అడుక్కి దిగిపోయింది. కాసేపటికి ఇంకొకటి. ఇంకొకటి.

ఇంక చెయ్యి పెట్టడానికి భయం వేసింది. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ప్లాంటుకి పోవలసిన సంగతి కూడా గుర్తు రాలేదు.

మధ్యాహ్నం బండికి తాత వచ్చాడు. కళ్ళకి నల్లద్దాలు, చంకలో గుడ్డసంచి.

"తాతా, నీళ్ళు తేటగానే ఉన్నాయి," అన్నాడు షేక్షావలి. మళ్ళీ అదే అన్నాడు. "తేటగానే ఉన్నాయి తాతా."

తాత అద్దాలు తీసి గాజు తొట్టిలోకి చూశాడు. నీలం స్పాంజిని చూశాడు. సంచి కింద పెట్టి వాకిట్లోకి నడిచాడు. చొక్కా చెయ్యి పైకి మడవను కూడా మడవలేదు, మోచేతి దాకా సిమెంటు తొట్లో ముంచి, అడుగు నుంచి ఏదో పైకి లాగాడు. పరుపుల్లో వాడే స్పాంజి ముక్క. ఎన్నేళ్ళ నుంచి అక్కడ పడి ఉందో, జిగటగా, నల్లగా, పాచి తీగలు వేలాడుతూ ఉంది. దాన్ని పట్టుకుని, సున్నం కొట్టిన వసారా పొడుగునా మురికినీళ్ళు కారుస్తూ వచ్చి, గాజు తొట్టి మీదికి చాపాడు.

ఏం చెయ్యబోతున్నాడో అర్థమయ్యేసరికి షేక్షావలి లేచి తాత మణికట్టు పట్టుకున్నాడు. పన్నెండేళ్ళలో తాత పాదాలు తప్ప ముట్టినవాడు కాదు.

"వద్దు తాతా. ఉన్నవి కూడా పోతాయి."

"చెయ్యి తియ్యి."

షేక్షావలి చెయ్యి తీశాడు. తాత పిండాడు.

నల్లటి, గోధుమరంగు మడ్డి మేఘంలా దిగింది. అద్దంలాంటి నీళ్ళు క్షణంలో బురదగుంట అయిపోయాయి. ఒక్క పిల్ల కూడా కనబడలేదు. తాత మళ్ళీ ముంచి మళ్ళీ పిండాడు. మూడోసారి పిండాక, నీలం స్పాంజిని ఊడదీసి పక్కన పడేసి, ఆ నల్లదాన్ని మోటారు గొట్టానికి తగిలించాడు.

షేక్షావలి పిల్లల కోసం ఆ మడ్డిలో వెతికాడు. తాతకి మతి తప్పిందేమో అనే ఆలోచన ఒకటి వచ్చి పోయింది. వచ్చినందుకు తనని తాను తిట్టుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది.

"గ్లాసు తెచ్చుకో," అన్నాడు తాత. "వాకిట్లో తొట్టి నీళ్ళు, ఒక్క గ్లాసే పొయ్యి, ఒకేసారి మారిస్తే తట్టుకోలేవు. తర్వాత నేను పరుపుకి ఒక పక్క కుట్టేంతసేపు ఆగు. మళ్ళీ ఒక గ్లాసు."

అలా మొదలైంది. తాత పరుపు ముందేసుకుని కూర్చున్నాడు. ఒక పక్క కుట్టి తలెత్తితే షేక్షావలి లేచి గ్లాసు ముంచుకొచ్చి పోసేవాడు. అలవాటు చొప్పున మొదటి గ్లాసులో మీటరు ముంచబోయి, తాత వైపు చూసి, కింద పెట్టేశాడు.

నాలుగో గ్లాసప్పుడు అడిగాడు. "ఇన్నేళ్ళలో ఆ స్పాంజిని ఎవరూ కడగలేదా తాతా?"

"ఆ తొట్టి నీళ్ళల్లోనే ఎప్పుడన్నా ఒకసారి మెల్లగా పిండి వదిలేస్తాడు. అంతే."

"ఎవరు?"

"ఉసేనప్ప."

గ్లాసు షేక్షావలి చేతిలో ఆగిపోయింది.

"చేపలు ఆయనవే కదా," అన్నాడు తాత, దారం కొరుకుతూ. "మలేరియావాళ్ళు వేసిపోయినవి అప్పుడే పోయేవి. ఈయన కూచుని బతికించినాడు. ఇరవై ఏండ్లు ఆ తొట్టి పక్కన ఊరికే కూచున్నాడనుకున్నావా?"

షేక్షావలి గ్లాసుని గాజు తొట్లో వంచాడు. తాత సూదిలో దారం ఎక్కించాడు.

"నాకేం తెలుసు చేపల సంగతి. ఆయన చెప్పిందే చెప్తున్నా. పిల్ల తింటుంది, వదులుతుంది. వదిలింది ఆ నీళ్ళల్లోనే ఉంటుంది. కంటికి కనపడదు, నీ మీటరు కనుక్కోలేదు. కానీ విషం. దాన్ని తిని బతికే సన్న పురుగులు ఉంటాయంట, ఆ నల్లదాంట్లో. అవి చేరడానికి శానా రోజులు పడుతుందంట."

"మరి నేను..."

"పక్క అయింది," అన్నాడు తాత. "గ్లాసు పొయ్యి."

ఎండ వసారా మెట్టు దిగేసరికి మడ్డి చాలావరకు అడుక్కి చేరింది. నీళ్ళు మళ్ళీ పలచటి టీ రంగుకి తిరిగాయి. షేక్షావలి చూడడానికి ధైర్యం చాలక, చూడకుండా ఉండలేక, చివరికి మోకాళ్ళ మీద కూర్చుని గాజుకి మొహం ఆనించాడు.

పైన ఒక్క పిల్ల కూడా లేదు. అడుగున వెతికాడు. మసక మీద కళ్ళు నిలిచాక కనిపించాయి. పిల్లలన్నీ ఆ నల్లటి స్పాంజి చుట్టూ మూగి ఉన్నాయి. మూతులు దానికి ఆనించి, తోకలు ఆడిస్తూ, దాన్ని పొడుచుకు తింటున్నాయి. లెక్కపెట్టాడు. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాడు. పదకొండు.

చాలాసేపు ఆ గాజు దగ్గర్నుంచి లేవలేదు. లేచాక తాత వైపు తిరిగాడు.

"ఉసేనప్ప ఇప్పుడు యాడుంటాడు తాతా?"

"గూడ్సు షెడ్డు ఎనకాల, టీ అంగడి కాడ."

"ఈరోజు గురువారం. చాపలు..."

"నేను పరుచుకుంటా. పో."

గూడ్సు షెడ్డు వెనక పాత స్లీపరు చెక్కలు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. పొద్దు వాలుతోంది. దూరం నుంచే దగ్గు వినబడింది. టీ అంగడి పక్కగా తిరిగి చూసిన షేక్షావలి అక్కడికక్కడే ఆగిపోయాడు.

ఉసేనప్ప ఒక చెక్క మీద కూర్చుని ఉన్నాడు, వేళ్ళ మధ్య బీడీ. అతని చుట్టూ, చెక్కల మీదా, గోనెసంచుల మీదా మనుషులు. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. పక్క లైను మీద గూడ్సు పెట్టెలు ఒకదానికొకటి గుద్దుకుంటున్నా ఎవరూ కళ్ళు తెరవడం లేదు. తకియాకి రాకుండా పోయిన తొమ్మిదిమందీ అక్కడే ఉన్నారు.

"యాడిదాకా వచ్చినాం?" అన్నాడు ఉసేనప్ప పైకి. ఎవరో చిన్నగా నవ్వారు.

ఓబులేసు కళ్ళు తెరిచాడు. ఎదురుగా షేక్షావలిని చూశాడు. మొహం మాడిపోయింది. వంగి చెప్పుల కోసం తడుముకున్నాడు.

"కూచోరా," అన్నాడు ఉసేనప్ప. తర్వాత తల తిప్పి, "ఏం నాయనా, ఇట్లొచ్చినావు," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు.

షేక్షావలి కూర్చున్నవాళ్ళందరినీ చూశాడు. "వీళ్ళంతా ఇక్కడికెట్లా..." అన్నాడు.

"నేనెవరినీ పిలవలేదు. ఒకరెనక ఒకరు వచ్చినారు. మొదట వీడు." ఉసేనప్ప గడ్డంతో ఓబులేసుని చూపించాడు. దగ్గు తెర వచ్చి కాసేపు ఆగాడు. "నువ్వు నలభై రోజులు అన్న రోజు, అద్దో, ఆ మూడో లైను మీద కూచోనుండె. అయిదున్నర బండి వచ్చే యేళ. నాకు పరిగెత్తే కాళ్ళు యాడున్నాయి? బీడీ ఉంటే ఈయప్పా అని కేకేసినా."

గూడ్సు బండి ఒక్క కుదుపు కుదిపి కదిలింది. దాని చప్పుడు పోయేదాకా ఉసేనప్ప బీడీ పీల్చాడు.

"లేచొచ్చి ఇచ్చినాడు," అన్నాడు ఉసేనప్ప.

షేక్షావలి మూడో లైను వైపు చూశాడు. పట్టాలు శుభ్రంగా, ఎండలో తళతళ మెరుస్తున్నాయి. పక్కనున్న చెక్కల దొంతరని పట్టుకున్నాడు. ఉసేనప్ప చెక్క మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. షేక్షావలి కూర్చున్నాడు. బీడీ పొగ నేరుగా మొహం మీదికి వచ్చింది.

ఒక్కొక్కరే మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఓబులేసు మాత్రం మూసుకోలేదు. షేక్షావలి వణుకుతున్న చేతుల్ని చూస్తున్నాడు. కొంతసేపటికి తన చేతిలో ఉన్న, సగం తాగిన టీ గ్లాసుని అతని ముందుకి చాచాడు.

షేక్షావలి అందుకుని తాగాడు.